సెల్యూట్ సరే... గూడు మాటేమిటి?

2025 ఆగస్టు పదిహేనున మా అపార్ట్‌మెంటు కింద జెండా ఎగరేసింది ప్రెసిడెంటుగారు కాదు, సెక్రటరీగారూ కాదు. మా వాచ్‌మన్. ప్రతి ఏడూ ఆయనే. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, దానిమీద పతకం పెట్టుకుని, డెబ్భై ఆరేళ్ళ వయసులో వెన్ను వంచకుండా నిలబడి సెల్యూట్ కొట్టేవాడు. పిల్లలంతా ఆయన్ని 'మేజర్ తాతగారూ' అని పిలుస్తారు. నిజానికి ఆయన మేజరూ కాదు, కెప్టెనూ కాదు. మామూలు సిపాయి. గిద్దలూరు వైపు నుంచి 1968లో పంతొమ్మిదేళ్ళకి సైన్యంలో చేరాడు. 1971 యుద్ధంలో తూర్పు వైపు పనిచేశాడు. ఆ పతకం పేరు పూర్వీ స్టార్. తండ్రి పోయి, పొలం చూసుకునే దిక్కు లేక, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు నెత్తిన పడితే 1979లో సెలవు పుచ్చుకుని వచ్చేశాడు. అప్పటికి పదకొండేళ్ళ సర్వీసు.

ఆ జెండా పండుగనాడు మేమందరం చప్పట్లు కొట్టాం. లడ్డూలు పంచాం. ఫొటోలు తీసుకున్నాం. సరిగ్గా రెండు నెలలకి ఆయన గది ఖాళీ చేయించాం.

మేం అంటున్నాను. వాళ్ళు అనడం లేదు. ఎందుకంటే ఆ రోజు డాబామీద జరిగిన మీటింగులో చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ వున్నాను.

సంగతి ఏమిటంటే, గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళ కిందట కట్టిన మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు ఇప్పుడు ఒకటొకటిగా పడగొట్టి కొత్తవి కడుతున్నారు. మాదీ బిల్డరుకి ఇచ్చాం. కొత్తది పూర్తయ్యేదాకా ఫ్లాటు ఓనర్లందరికీ నెలనెలా అద్దె ఇవ్వాలని బిల్డరుతో మూడు మీటింగులు వాదించుకున్నాం. సామాను తరలించే లారీ ఖర్చు కూడా వదల్లేదు. అన్నీ కాగితంమీద రాయించుకున్నాం. చివర్న, అందరూ లేచి వెళ్ళిపోతుండగా, ఎవరో అడిగారు:

"మరి వాచ్‌మన్ సంగతో?"

"రెండు నెలల జీతం ఎక్కువిచ్చి పంపేద్దాం. ఏమంటారు?"

అందరం చేతులెత్తాం. అర నిమిషం పట్టలేదు.

ఆ రాత్రి వంటిల్లు సర్దుకుంటుంటే నాకు తట్టింది. ఆయన పోగొట్టుకుంటోంది వుద్యోగం ఒక్కటే కాదు కదా! ఇరవై రెండేళ్ళుగా ఆయన, ఆయన భార్య కాపురం చేసిన ఇల్లు అది. మెట్ల కింద ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు గది. నిలబడితే తల తగిలేది. కానీ దానికో తలుపుంది, తలుపుకో గొళ్ళెం వుంది. ఆవిడ అందులోనే పొయ్యి పెట్టుకుంది, గూట్లో దేవుణ్ణి పెట్టుకుంది. మన ఇల్లు పడగొడితే మనకి అద్దె వస్తుంది. ఆయన ఇల్లు పడగొడితే ఆయనకి రెండు నెలల జీతం వచ్చింది.

ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఏమిటో చిన్నప్పటినుంచి వింటూనే వున్నాను. మొన్న నా చేత్తో నేనే అగ్గిపుల్ల గీశాను.

పదిహేనేళ్ళు, పదకొండేళ్ళు

మిలటరీ వాడంటే మన మనసులో ఒక బొమ్మ వుంటుంది. పింఛను, క్యాంటీన్ సరుకులు, మిలటరీ ఆసుపత్రి, సైనిక్‌పురిలో మామిడిచెట్టున్న ఇల్లు. ఆ బొమ్మ అబద్ధం కాదు. సైనిక్‌పురి అలా మాజీ సైనికులు సహకార సంఘం పెట్టుకుని కట్టుకున్న కాలనీయే. 1978లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ సంస్థ కూడా సైనికులకి ఇళ్ళు కట్టిస్తుంది. అయితే ఆ ఇళ్ళకి డబ్బు కట్టుకోవలసింది సైనికుడే. కట్టుకోగలిగిన వాళ్ళకి అవి మంచి ఏర్పాట్లే.

కట్టుకోలేని వాళ్ళ సంగతే మనం వినం.

జవానుకి పింఛను రావాలంటే మామూలుగా పదిహేనేళ్ళ సర్వీసు నిండాలి. అది నిండకుండా మధ్యలో తనంతట తానే ఇంటికి వచ్చేస్తే సాధారణంగా నెలనెలా వచ్చేది ఏమీ వుండదు. మా తాతగారికి నాలుగేళ్ళు తక్కువపడ్డాయి. ఆయన చేసిన యుద్ధం మాత్రం ఏమీ తక్కువది కాదు. 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' కోసం మాజీ సైనికులు ఢిల్లీలో 2015లో ఎంత పోరాడారో మనం టీవీలో చూశాం. అది సాధించుకున్నారు కూడా. కానీ అసలు పింఛనే లేనివాడికి అందులో వాటా ఏముంది?

ఇలాంటి వాళ్ళు వూళ్ళలో బోలెడుమంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని 'మిలటరీ మాధవరం' అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ కొడుకుల్ని పంపిన వూరు అది. అలా సైన్యానికి మనుషుల్ని పంపిన తెలుగు పల్లెలు ఇంకా చాలా వున్నాయి. పొలం వున్నవాళ్ళు పొలం చేసుకున్నారు. లేనివాళ్ళు బస్సెక్కి హైదరాబాదు వచ్చారు. ఇక్కడ వాళ్ళకి ఇట్టే పని దొరికింది. మిలటరీలో చేసినవాడంటే నమ్మకం కదా! బ్యాంకు గుమ్మం దగ్గర, ఏటీఎం దగ్గర, ఆసుపత్రి గేటు దగ్గర, మన అపార్ట్‌మెంటు మెట్ల కింద. పనితోపాటు నీడ కూడా దొరికింది. అదే అసలు చిక్కు. పని పోయిననాడు నీడ కూడా పోతుంది.

డెబ్భై ఆరేళ్ళ మనిషిని ఏ సెక్యూరిటీ ఏజెన్సీ తీసుకుంటుంది? "వయసైపోయింది తాతా" అంటారు. ఈయన బాకారం నుంచి కవాడిగూడ దాకా గేటు గేటుకీ తిరిగాడు. అన్నిచోట్లా అదే మాట.

ఎనిమిది వేల లెక్క

నాకు చాతనైనది చదవడం, రాయడం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి రెండు రోజులు వెళ్ళి కూర్చున్నాను. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ళు అక్కడెప్పుడూ వుంటారు. ప్రభుత్వ పథకాల పేర్లు వాళ్ళకి నోటికి వస్తాయి. వాళ్ళలో ఒకబ్బాయి నా కాగితాలు చూసి, "ఆంటీ, పెన్యూరీ గ్రాంటు అని ఒకటుంది, చూశారా?" అన్నాడు.

పేరు నోరు తిరగదు కానీ విషయం తేలికే. పింఛను లేని మాజీ సైనికుడు హవల్దారు ర్యాంకు దాకా పనిచేసి వుండి, అరవై అయిదేళ్ళు దాటి, జరుగుబాటు లేక ఇబ్బంది పడుతుంటే నెలనెలా ఇచ్చే సాయం అది. ఆయన పోతే భార్యకి ఇస్తారు. రక్షణమంత్రి పేర వున్న మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి వస్తుంది. ఇదివరకు నెలకి నాలుగు వేలు. 2025 అక్టోబరులో దాన్ని రెట్టింపు చేశారు. నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకి ఎనిమిది వేలు. పిల్లల చదువు సాయం, ఆడపిల్ల పెళ్ళి సాయం కూడా దాంతోపాటే రెట్టింపయ్యాయి.

మంచిపని చేశారు. మంచిని మంచి అనాలి. ఎందుకు మంచిదో ఆడవాళ్ళం కాబట్టి మనకి ఇట్టే అర్థమవుతుంది. మా పనమ్మాయి వుండే వీధిలో ఒంటిగది అద్దె అయిదు వేలు. కరెంటు, నీళ్ళు కలిపితే ఇంకో అయిదారు వందలు. నాలుగు వేలు చేతిలో పెడితే ఆ గది రాదు. ఆ డబ్బు మందులకీ బియ్యానికీ పోతుంది, మనిషి మాత్రం ఎవరి వసారాలోనో పడుకుంటాడు. ఎనిమిది వేలు పెడితే గది వస్తుంది, రేషను బియ్యంతో ఎలాగో గడుస్తుంది. అంటే, ఆ పెరిగిన నాలుగు వేలే ఒక గదికీ ఫుట్‌పాత్‌కీ మధ్య తేడా. ఢిల్లీలో కాగితంమీద అదొక అంకె. ఇక్కడ అది తలుపు, గొళ్ళెం, ఆడమనిషికి స్నానానికి చాటు.

అయితే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలిసినప్పుడు నాకు కాస్త భయం వేసింది.

ఏటా డిసెంబరు 7న స్కూలు పిల్లలు, ఎన్.సి.సి. వాళ్ళు చిన్న చిన్న జెండా బొమ్మలు పట్టుకుని, డబ్బా పట్టుకుని మన గుమ్మంలోకి వస్తారు, గుర్తుందా? సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతోంది. ఇలాంటి నిధులు కొన్నింటిని కలిపి 1993లో ఒకే పెద్ద నిధిగా చేశారు. ఆ మంత్రిగారి సంక్షేమ నిధి ఇందులో భాగమే. అంటే ముసలి సైనికుడి ఇంటి అద్దె చాలావరకు మనం డబ్బాలో వేసే పది రూపాయలమీద, కంపెనీలు ఇచ్చే విరాళాలమీద, వాటి వడ్డీమీద ఆధారపడి వుంది.

విరాళం ఇవ్వడం మంచిదే. కానీ విరాళం మనసుని బట్టి వస్తుంది. ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. అద్దె అలా కాదు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంటివాడు తలుపు తడతాడు. నిధిలో ఈ ఏడు డబ్బు తక్కువ పడిందంటే ఇంటివాడు వింటాడా? చందాలతో పండుగ చేసుకోవచ్చు, సంసారం చేయలేం. అందుకే నేననేది ఒక్కటే: పింఛను లేని ముసలి సైనికులకీ, వాళ్ళ భార్యలకీ ఇచ్చే ఈ డబ్బుని ఎవరూ తగ్గించలేని, ఆపలేని బడ్జెట్ పద్దుగా పెట్టాలి. విరాళాలు దానికి పైన కలిసేవిగా వుండాలి.

గుమ్మం దగ్గరే విడిపోయే జంటలు

గది ఖాళీ చేసిన వారం రోజులు వాళ్ళ సామాను మా సందు చివర కిరాణా కొట్టు వెనక వసారాలో వుంది. ఒక ట్రంకు పెట్టె, రెండు బిందెలు, చుట్టిన చాప, ఒక మడత మంచం. నేను వెళ్ళేసరికి తాతగారు నవ్వారు.

"పదకొండేళ్ళు డేరాల్లో వున్నా. ఇరవై రెండేళ్ళు మెట్ల కింద వున్నా. కప్పు కింద నిటారుగా నిలబడే ఇల్లు మాకు అలవాటే లేదమ్మా" అన్నారు.

నేనేం మాట్లాడాలో తెలియక, "ప్రభుత్వం షెల్టర్లు పెట్టింది కదా బాబాయిగారూ, కనుక్కోనా?" అన్నాను. ఆవిడ అప్పటిదాకా బియ్యం ఏరుకుంటోంది. తలెత్తి అడిగింది: "అక్కడ ఇద్దర్నీ ఒకచోటే వుంచుతారా అమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. షెల్టర్లు చాలావరకు మగవాళ్ళకి వేరుగా, ఆడవాళ్ళకి వేరుగా వుంటాయి. ఆడవాళ్ళ క్షేమం కోసమే అలా పెట్టారు, తప్పుపట్టలేం. కానీ యాభై ఏళ్ళ కాపురం చేసిన జంట గుమ్మం దగ్గర చెరో వైపూ వెళ్ళాలి. "ఆయనకి రాత్రిపూట కళ్ళు ఆనవు. ఆయనొక చోటా నేనొక చోటా ఎట్టా వుండేదమ్మా?" అంది.

ఈ షెల్టర్లు కూడా వూరికే రాలేదు. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక రాత్రి బస తొలగిస్తే గొడవ కోర్టుకెక్కింది. పౌరహక్కుల సంఘం 2001లో ఆహార హక్కు కోసం వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2010లో నిలదీసింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకి ఒక షెల్టరు, ఏడాది పొడుగునా తెరిచి వుండాలంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో దీనికి డబ్బు కేటాయించారు. ఆ మిషన్ 2024లో ముగిసింది. పథకాలకి గడువు వుంటుంది, వీధిలో పడుకున్న మనిషికి గడువేముంటుంది?

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళు దేశం మొత్తంమీద 17 లక్షల 70 వేల పైచిలుకు. అందులో సగానికి పైగా పట్టణాల్లోనే. అప్పటికి హైదరాబాదు నగర పాలక సంస్థ పరిధిలో జనాభా 67 లక్షలు దాటింది. లక్షకొకటి లెక్కన ఎన్ని షెల్టర్లు వుండాలో మీరే చూసుకోండి. మీ వాడలో ఒకటి ఎప్పుడైనా కనిపించిందా? నాకు మాత్రం ఇందిరాపార్కు గోడ వెంట, నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పడుకున్న మనుషులే ఎక్కువ కనిపిస్తారు. వాళ్ళలో ఎవరు సైనికుడో, ఎవరు సైనికుడి భార్యో మనకి తెలియదు. అడిగి రాసుకున్న వాళ్ళూ నాకు కనబడలేదు.

పల్లెల సంగతి కాస్త నయం. ఇందిరా ఆవాస్ యోజన ఇళ్ళని 1995-96 నుంచి పేద మాజీ సైనికులకీ, యుద్ధంలో చనిపోయిన వాళ్ళ భార్యలకీ కూడా ఇవ్వవచ్చన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పంచాయతీల పరిధిలో సైనికుల ఇళ్ళకి ఇంటిపన్ను మినహాయింపుని విస్తరించారు. సంతోషమే. అయితే ఇల్లు వుంటే కదా ఇంటిపన్ను! తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో ఇల్లు కట్టుకునేందుకు అయిదు లక్షలు ఇస్తారు, సొంత జాగా వున్నవాళ్ళకి. మెట్ల కింద బతికిన మనిషికి హైదరాబాదులో జాగా ఎక్కడినుంచి వస్తుంది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఈయన చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, కూతురి పెళ్ళి చేశాడు. ఇల్లు మాత్రం కట్టలేకపోయాడు.

డబ్బు పెడితే ఏమవుతుంది?

"ఎంత పెట్టినా ఇది తీరే సమస్యా?" అని మావారు అడిగారు. మీరూ అనుకోవచ్చు. దీనికి జవాబు అమెరికాలో వుంది. మనలో చాలామంది పిల్లలు, అన్నదమ్ములు అక్కడే వున్నారు కదా. డల్లాస్‌లో వుండే మా చెల్లెలు మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోనులో ఆశ్చర్యపోయింది: "అక్కా, ఇక్కడ సిగ్నళ్ళ దగ్గర అట్టముక్క పట్టుకుని మిలటరీ వాళ్ళు అడుక్కుంటున్నారే!" అని.

నిజమే. వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలు చేసి వచ్చినవాళ్ళు అక్కడ వీధిన పడ్డారు. 2010లో ఒక రాత్రి లెక్క తీస్తే ఇల్లు లేని మాజీ సైనికులు 74 వేల మందికి పైగా తేలారు. అప్పటినుంచి వాళ్ళ ప్రభుత్వం ఒక పని పట్టుదలగా చేసింది. మాజీ సైనికుడికి ఇంటి అద్దెలో పెద్ద భాగం ప్రభుత్వమే కట్టే చీటీ ఇచ్చి, దాంతోపాటు అతన్ని కనిపెట్టుకుని వుండే ఒక మనిషినీ పెట్టింది. ప్రభుత్వాలు మారినా ఏటా ఆ డబ్బు ఇస్తూ వచ్చారు. 2024 జనవరి లెక్కకి ఆ సంఖ్య 32,882కి దిగింది. సగానికి సగం కంటే ఎక్కువ తగ్గింది. అదే 2024లో అక్కడ మొత్తంమీద ఇల్లు లేనివాళ్ళు ఏడు లక్షల డెబ్భై వేలు దాటి, మునుపెన్నడూ లేనంత పెరిగారు. అందరూ పెరుగుతుంటే వీళ్ళొక్కళ్ళే తగ్గారంటే కారణం దయ కాదు, దేశభక్తి పాటలు కాదు. ఆగకుండా వచ్చిన డబ్బు.

ఇక్కడ పాఠం రెండు వైపులా వుంది. డబ్బు పెడితే ఇల్లు వస్తుంది. ఆపితే మళ్ళీ వీధే. అద్దె చీటీకి డబ్బు ఒక్క ఏడాది ఆగినా అన్నేళ్ళ పని వెనక్కి పోతుంది.

మన దగ్గర సంగతి ఇంకో రకంగా కూడా ఆలోచించాలి. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. ఆ నెల 17న సికింద్రాబాదు స్టేషన్లో రైళ్ళు తగలబడటం, కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోవడం మనం మరిచిపోలేదు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నా లెక్క వేరు. నాలుగేళ్ళు పనిచేశాక నూటికి ఇరవై అయిదు మంది దాకా సైన్యంలో వుంటారు, మిగతావాళ్ళు పదకొండు లక్షల డెబ్భై వేల రూపాయల దాకా సేవా నిధి తీసుకుని ఇంటికి వస్తారు. నెలనెలా పింఛను వుండదు. కుర్రాళ్ళు కాబట్టి ఇవాళ వాళ్ళకి ఇబ్బంది తెలియకపోవచ్చు. కానీ వాళ్ళూ ఒకనాటికి డెబ్భై ఆరేళ్ళ వాళ్ళవుతారు. పింఛను లేని ముసలి సైనికులు రేపు తగ్గరు, పెరుగుతారు. నిధి ఇప్పుడే గట్టిపడకపోతే అప్పుడెలా?

మనం చేయగలిగింది

1971 యుద్ధం అయ్యాక, 1972లో ఢిల్లీలో ఒక ఆడమనిషి యుద్ధ వితంతువుల కోసం సంఘం పెట్టింది. మన వి.వి.గిరిగారు రాష్ట్రపతిగా వున్న రోజులవి. ఆయన కోడలు మోహినీగిరి గారే ఆవిడ. 2023 డిసెంబరులో చనిపోయే దాకా వితంతువుల కోసం పనిచేస్తూనే వున్నారు. అంత పెద్ద పనులు మనవల్ల కావనుకుందాం. చిన్నవి?

మీ వాచ్‌మన్‌నీ, వీధి చివర సెక్యూరిటీ ఆయన్నీ, పనమ్మాయి తండ్రినీ ఒక్కసారి అడగండి, "మిలటరీలో చేశారా?" అని. చేసి వుంటే డిశ్చార్జి బుక్కు వుందా, పింఛను వస్తోందా కనుక్కోండి. రాకపోతే, అరవై అయిదు దాటి వుంటే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళండి. దరఖాస్తు కంప్యూటర్లో పెట్టాలి. అక్కడే వాళ్ళు ఆగిపోతారు. మన ఇళ్ళలో డిగ్రీ చదివిన పిల్లలున్నారు, ఒక గంట పని. భర్త పోయిన ముసలమ్మలని మరీ మరీ అడగండి. తమకీ వస్తుందని చాలామందికి తెలియదు. మా తాతగారికీ తెలియదు.

మీ అపార్ట్‌మెంటు కూడా రేపో మాపో బిల్డరుకి ఇస్తారు. ఒప్పందంలో వాచ్‌మన్ కుటుంబానికి కూడా అద్దె రాయించండి. కొత్త ప్లానులో అతనికి కిటికీ వున్న గది చూపించమనండి. ఇంతమంది ఓనర్లకి అద్దె ఇచ్చే బిల్డరుకి ఇంకొక్క గది అద్దె బరువు కాదు. అడగాలి, అంతే. మేం అడగలేదు.

ఓట్ల కోసం వచ్చేవాళ్ళని, ఎమ్మెల్యేనీ ఎంపీనీ కూడా అడగండి. ఈ సాయం పద్దు ఎప్పటికీ తగ్గించమని మాట ఇస్తారా? షెల్టర్ల ఖర్చు ఒక పథకం పోయి ఇంకోటి వచ్చేదాకా ఆగకుండా చూస్తారా? ముసలి జంటలు కలిసి వుండే గదులు పెడతారా? 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలో అద్దె ఇళ్ళు కట్టే భాగం ఒకటి వుంది. అందులో కొన్ని గదులు పింఛను లేని సైనికులకీ, వాళ్ళ భార్యలకీ విడిగా వుంచుతారా? అయిదూళ్ళు అడగడం లేదు. మెట్ల కింద కాకుండా ఒక గది.

నేను కథలు రాసుకునేదాన్ని. ఇది కథయితే ఎలాగో ఒక మంచి ముగింపు రాసేదాన్ని. కానీ జరిగింది రాస్తున్నాను. ఆవిడ ఇప్పుడు గిద్దలూరు దగ్గర కూతురింట్లో వుంది. అల్లుడి ఇల్లు, ఎన్నాళ్ళు వుండనిస్తారో తెలియదు. తాతగారు కవాడిగూడలో కడుతున్న ఒక బిల్డింగు దగ్గర రేకుల షెడ్డులో రాత్రి కాపలా వుంటున్నారు. కళ్ళు ఆనని మనిషి రాత్రి కాపలా! ఆయన డిశ్చార్జి బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ట్రంకు పెట్టె అడుగున, పతకం పక్కన భద్రంగా వుంది. నలభై ఆరేళ్ళలో ఒక్క కాగితం నలగలేదు. మా అబ్బాయి దరఖాస్తు పెట్టాడు. సాయం అందేదాకా గది అద్దె నేనిస్తానన్నాను. "వద్దమ్మా, గవర్నమెంటు ఇస్తే తీసుకుంటా. అది నాకు రావలసింది. మీరిస్తే అడుక్కున్నట్టుంటది" అన్నారు.

ఆ మాటలో అంతా వుంది. ఆయనకి కావలసింది నా జాలి కాదు.

వచ్చే జెండా పండుగకి మేం వేరే వేరే అద్దె ఇళ్ళలో వుంటాం. జెండా ఎవరు ఎగరేస్తారో తెలియదు. ఎవరు ఎగరేసినా, చప్పట్లు కొట్టేముందు ఒక్కమాట అడగాలని నాకు నేను చెప్పుకున్నాను. మీరూ అడగండి. ఈ జెండా కోసం నిలబడిన మనిషి ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటాడు?